కొత్తగా చేరినవాళ్లకి దారి తెలిసేలా బ్యాకెండ్ డాక్యుమెంట్ రాయడం ఎలా?

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల నలుగురైదుగురు కలిసి నడిపే సాఫ్ట్‌వేర్ టీముల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది: "అది అన్నకే తెలుసు, అన్నని అడుగు." ఆ అన్న ఫోన్ ఎత్తినంత కాలం పని సాగుతుంది. ఆయనకి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం వచ్చి నోటీసు ఇచ్చిన రోజు నుంచి అందరికీ టెన్షన్ మొదలవుతుంది. వెళ్లేలోపు హడావిడిగా స్క్రీన్ రికార్డింగులు చేయిస్తారు. వాటిని తర్వాత తెరిచి చూసేవాళ్లు ఉండరు. బ్యాకెండ్ కోడ్ (యాప్ వెనక సర్వర్ మీద నడిచే కోడ్) ఎలా అమర్చి ఉందో ఒక డాక్యుమెంట్ రాసిపెట్టుకుంటే ఈ అవస్థ చాలావరకు తప్పుతుంది. దానికి పెద్ద అనుభవం అక్కర్లేదు. చేరి ఆరు నెలలైనవాళ్లు కూడా రాయగలరు. నన్నడిగితే వాళ్లే బాగా రాస్తారు, మొదట్లో ఏది అర్థం కాలేదో వాళ్లకింకా గుర్తుంటుంది కాబట్టి.

చెప్పేది గాల్లో ఉండకుండా ఒక ప్రాజెక్ట్‌ని ఊహించుకుందాం. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు, అటు కొత్తపట్నం వైపు రైతుల దగ్గర వెనామీ రొయ్యలు కొనే ఒక వ్యాపారి. గుంట దగ్గర పట్టుబడి (రొయ్యలు పట్టడం) జరుగుతుంది, కాటా వేస్తారు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో) చూస్తారు, ఆ రోజు రేటు ప్రకారం లెక్క కట్టి రైతు ఖాతాకి డబ్బు పంపుతారు. ఇదంతా ఒక మొబైల్ యాప్, దాని వెనక జాంగో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌లో రాసిన బ్యాకెండ్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, వెనక నడిచే పనులని వరసలో (క్యూలో) పెట్టి చేయించడానికి సెలరీ, రెడిస్ అనే టూల్స్. మీది స్ప్రింగ్ బూట్ అయినా, లారవెల్ అయినా, నోడ్ అయినా పద్ధతి ఒకటే. ఫోల్డర్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీ డాక్యుమెంట్‌లో మాత్రం కోడ్‌లో అక్షరం అక్షరం ఎలా ఉందో అలాగే రాయండి, వెతికితే దొరకాలి.

రాయడం మొదలుపెట్టక ముందు

ఈ డాక్యుమెంట్ ఒకే ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పాలి: "నేను ఫలానాది మార్చాలి, ఎక్కడికి వెళ్లాలి, దేన్ని ముట్టుకోకూడదు?" ఈ ప్రశ్నని పక్కన పెట్టి రాయడం మొదలుపెడితే ప్రతి ఫైల్ గురించీ ఒక లైన్ రాస్తూ పోతాం. అది కొండవీటి చాంతాడంత అవుతుంది. ఏ ఫైల్‌లో ఏ ఫంక్షన్ ఉందో ఎడిటరే చూపిస్తుంది. ఎడిటర్ చెప్పలేనివి మీరు చెప్పాలి.

నెల్లూరు బస్టాండ్‌లో దిగినవాళ్లు దారి అడిగితే మనం వీఆర్సీ సెంటర్, గాంధీబొమ్మ, మాగుంట లేఅవుట్ అని నాలుగు గుర్తులు చెప్తాం కానీ దారిలో ఉన్న ప్రతి షాపు పేరూ చదవం. డాక్యుమెంట్‌కీ అంతే వివరం చాలు.

ముందుగా మూడు పనులు చేయండి. ఒకటి, గత కొన్ని నెలల్లో టీమ్ వాట్సాప్ గ్రూప్‌లో కోడ్ గురించి ఎవరెవరు ఏమేం అడిగారో వెనక్కి వెళ్లి చూడండి. "రేటు ఎక్కడ లెక్కేస్తుంది అన్నా?", "ఈ మెసేజ్ ఎక్కడ నుంచి వెళ్తోంది?", "లోకల్‌లో పేమెంట్ టెస్ట్ చేస్తే నిజంగా డబ్బు వెళ్లదు కదా?" మీ డాక్యుమెంట్‌కి అసలైన విషయసూచిక ఇదే. వాటిని ఉన్నదున్నట్టు ఒక నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసుకోండి. రెండు, గిట్ లాగ్‌లో (కోడ్ మార్పుల చరిత్రలో) ఈ ఏడాది ఎక్కువసార్లు మారిన ఫైళ్లు ఏవో లెక్క తీయండి. ఎక్కువ మారే చోటే ఎక్కువ వివరం కావాలి. రెండేళ్లుగా ఎవరూ ముట్టుకోని ఫోల్డర్‌కి ఒక్క వాక్యం చాలు. మూడు, బ్యాకెండ్ లోపలికి పని వచ్చే దారులన్నీ ఒక కాగితం మీద రాయండి. యాప్ నుంచి వచ్చే రిక్వెస్టులు అందరికీ గుర్తుంటాయి. రాత్రిపూట టైమ్ ప్రకారం వాటంతటవే నడిచే క్రాన్ జాబులు, క్యూలోని పనులు చేసే వర్కర్లు, పేమెంట్ సంస్థ ఏదైనా జరిగినప్పుడు మనకి పంపే వెబ్‌హుక్‌లు, అడ్మిన్ స్క్రీన్, టెర్మినల్ నుంచి నడిపే కమాండ్లు మాత్రం మర్చిపోతాం. తలనొప్పి వచ్చేది ఎక్కువగా ఈ మర్చిపోయిన దారుల్లోనే.

ఎక్కడ రాయాలి, ఏ భాషలో రాయాలి

కోడ్ ఉన్న రెపోలోనే (గిట్‌లో కోడ్ దాచే చోటే), మార్క్‌డౌన్ అనే సాదా టెక్స్ట్ ఫైల్‌గా రాయండి. రీడ్‌మీ నుంచి దానికి లింక్ ఇవ్వండి. గూగుల్ డాక్‌లో రాస్తే కోడ్ ఒక వైపు, డాక్యుమెంట్ ఒక వైపు నడుస్తాయి. రెపోలో ఉంటే కోడ్ మార్పూ డాక్యుమెంట్ మార్పూ ఒకే పుల్ రిక్వెస్ట్‌లో (మార్పుని చూసి కలపమని పెట్టే అభ్యర్థనలో) వస్తాయి, రివ్యూ చేసేవాళ్లకి రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.

భాష విషయంలో నా అభిప్రాయం స్పష్టం: టీమ్ మొత్తం తెలుగువాళ్లే అయితే తెలుగులో రాయండి, టెక్నికల్ మాటలు మనం రోజూ వాడేవే ఉంచండి. నోటితో చక్కగా వివరించగలిగిన మనిషి ఇంగ్లీష్‌లో రాయమనేసరికి రెండు పొడి వాక్యాలతో ముగించడం చాలాసార్లు చూశాను. రేపు వేరే రాష్ట్రం వాళ్లు చేరతారనుకుంటే మాత్రం మొదటి నుంచే ఇంగ్లీష్‌లో రాయడం మంచిది.

మొదటి పేరా: ఈ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది

టెక్నాలజీ పేర్లతో మొదలుపెట్టకండి. వ్యాపారం ఎలా నడుస్తుందో నాలుగైదు వాక్యాల్లో చెప్పండి. మన ఉదాహరణకి ఇలా ఉండొచ్చు:

> రైతు గుంటలో పట్టుబడి అయినప్పుడు మన సూపర్‌వైజర్ కాటా వేసి, కౌంట్ తీసి, యాప్‌లో ఎక్కిస్తాడు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. సంఖ్య తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. బ్యాకెండ్ ఆ రోజు రేటు ప్రకారం మొత్తం లెక్కించి, రైతుకి మెసేజ్ పంపి, మేనేజర్ ఆమోదించాక చెల్లింపు మొదలుపెడుతుంది.

దీని కిందే వ్యాపారంలో వాడే మాటకీ కోడ్‌లో ఉన్న పేరుకీ ఒక చిన్న పట్టిక పెట్టండి. గుంటకి కోడ్‌లో ఏ పేరు పెట్టారు, కాటా చీటీకి ఏ పేరు, పట్టుబడికి ఏ పేరు. అయిదారు మాటలు చాలు. సిటీలో చదువుకుని వచ్చి, గుంట ఎప్పుడూ చూడని కుర్రాళ్లకి ఈ పట్టిక చాలా పనికొస్తుంది. వ్యాపారి ఫోన్ చేసి "నిన్నటి కాటాలో కౌంట్ తప్పు పడింది" అంటే ఏ టేబుల్ చూడాలో వెంటనే తెలుస్తుంది.

ఫోల్డర్ల పటం

పై స్థాయి ఫోల్డర్లు మాత్రమే తీసుకోండి. ఒక్కోదానికి రెండు వాక్యాలు: ఏం మారితే ఇక్కడికి రావాలి, ఏ పని ఇక్కడ పెట్టకూడదు. ఈ రెండో వాక్యమే చాలామంది రాయరు. డేవిడ్ పార్నాస్ 1972లో రాసిన ఒక వ్యాసంలో ప్రోగ్రామ్‌ని ముక్కలు చేయాల్సింది పని జరిగే వరస బట్టి కాదని, మారే అవకాశం ఉన్న ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో ముక్కలో దాచాలని చెప్పాడు. డాక్యుమెంట్ రాసేటప్పుడు ఆ మాటని తిరగేసి వాడుకోవచ్చు. ప్రతి ఫోల్డర్ దగ్గరా ఆగి, "ఏ నిర్ణయం మారితే ఇది ఒక్కటే మారాలి?" అని అడగండి.

> రేట్లు: రోజువారీ రేటు కార్డు, కౌంట్‌ని బట్టి రేటు తీసే సూత్రం. వ్యాపారి రేటు పద్ధతి మారిస్తే ఇక్కడే మార్చాలి. రైతు ఎవరు, డబ్బు ఎలా వెళ్తుంది అన్నవి దీనికి తెలియకూడదు.
>
> కాటాలు: యాప్ నుంచి వచ్చే తూకాలు తీసుకోవడం, సరిచూడడం, భద్రపరచడం. రేటు లెక్క ఇక్కడ రాయొద్దు, రేట్లు ఫోల్డర్‌లోని సర్వీస్‌ని పిలవాలి.
>
> చెల్లింపులు: ఆమోదం, బ్యాంక్ బదిలీ, వెబ్‌హుక్. బయటి పేమెంట్ సంస్థతో మాట్లాడే కోడ్ మొత్తం ఈ ఒక్క చోటే.
>
> మెసేజ్‌లు: ఎస్సెమ్మెస్ పంపడం. మెసేజ్ మాటలు మార్చే ముందు కింద "బయటి సేవలు" భాగం చదవండి.
>
> కామన్: తేదీలు, డబ్బు, తూకం యూనిట్ల సహాయక ఫంక్షన్లు. కొత్తవి చేర్చే ముందు టీమ్‌లో అడగండి. ఎక్కడ పెట్టాలో తెలియనివన్నీ వేసే చోటు కాదు.

ఫోల్డర్‌కి రెండు వాక్యాలు రాయలేకపోతే లోపం మీ రాతలో లేదు. ఆ ఫోల్డర్‌లో సంబంధం లేని పనులు కలిసిపోయాయని అర్థం. ఇప్పుడే సరిచేయక్కర్లేదు, "ఇందులో రెండు వేర్వేరు పనులున్నాయి" అని నిజం రాసేయండి.

బొమ్మ కూడా ఒకటి పెట్టండి. సైమన్ బ్రౌన్ తయారుచేసిన సీఫోర్ మోడల్‌లో నాలుగు స్థాయిలుంటాయి. చిన్న టీమ్‌కి పై రెండూ సరిపోతాయి. మన సిస్టమ్‌తో బయట ఎవరెవరు మాట్లాడతారో ఒకటి, లోపల యాప్, సర్వర్, డేటాబేస్, క్యూ ఎలా కలిసి ఉన్నాయో ఇంకొకటి. వీటిని మెర్మెయిడ్ అనే బొమ్మల టూల్‌లో అక్షరాలుగా రాస్తే, గిట్‌హబ్ 2022 నుంచి వాటిని నేరుగా బొమ్మగా చూపిస్తోంది. ఫొటోగా అతికించిన బొమ్మని తర్వాత దిద్దలేం.

ఒక రిక్వెస్ట్‌ని చివరిదాకా వెంబడించండి

మొత్తం డాక్యుమెంట్‌లో ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే. మీ సాఫ్ట్‌వేర్‌కి గుండెకాయ లాంటి పని ఒకటి ఎంచుకుని, అది మొదలైన చోటు నుంచి డేటాబేస్‌లో కుదురుకునేదాకా ఏ ఏ ఫైళ్ల గుండా వెళ్తుందో కథలా చెప్పండి. లాగిన్‌ని ఎంచుకోకండి, అది అన్ని ప్రాజెక్టుల్లో ఒకేలా ఉంటుంది. మన ఉదాహరణలో కాటా ఎక్కించడం.

కోడ్ పక్కన పెట్టుకుని, డీబగ్గర్‌తో ఒక్కో అడుగూ ఆగుతూ రాయండి. జ్ఞాపకం మీద రాస్తే కోడ్ ఎలా ఉండాలని మీరనుకుంటున్నారో అది రాస్తారు, ఉన్నది రాయరు. మన కాటా కథ ఇలా సాగుతుంది.

సూపర్‌వైజర్ తెల్లవారుజామున 4 గంటలకి గుంట గట్టు మీద కాటా ఎక్కిస్తాడు. అక్కడ సిగ్నల్ ఉండకపోవచ్చు. అందుకే యాప్ ఆ కాటాకి ఫోన్‌లోనే ఒక ప్రత్యేక ఐడీ తయారుచేసి దాచుకుంటుంది, సిగ్నల్ దొరికాక పంపుతుంది. సర్వర్ తీసుకుని జవాబు ఇచ్చేలోపు మళ్లీ సిగ్నల్ పోతే, యాప్ అదే కాటాని ఇంకోసారి పంపుతుంది. సర్వర్ ఆ ఐడీని చూసి, ముందే ఉంటే కొత్తది సృష్టించకుండా పాతదాన్నే తిరిగి ఇస్తుంది. డాక్యుమెంట్‌లో ఈ విషయం చెప్పకపోతే, కొత్తగా వచ్చినవాళ్లు "ఫోన్ నుంచి ఐడీ ఎందుకు, డేటాబేసే ఇస్తుంది కదా" అని శుభ్రం చేసేస్తారు. అప్పుడు ఒకే కాటా రెండుసార్లు ఎక్కి రైతుకి రెండుసార్లు డబ్బు వెళ్తుంది. ఆ ఐడీ కాలమ్ మీద యూనిక్ నియమం (ఒకే ఐడీ రెండుసార్లు రాకూడదని) ఉందని, అది తీయకూడదని, ఎందుకు తీయకూడదో కారణంతో సహా రాయండి.

తర్వాత రేటు. 40 కౌంట్‌కి కిలో 400 రూపాయలు, 50 కౌంట్‌కి 360 అనుకుందాం. వచ్చింది 43 కౌంట్. మన ప్రాజెక్ట్ నియమం ప్రకారం రెండు రేట్ల మధ్య తేడాని కౌంట్ల వారీగా పంచుతాం: పది కౌంట్లకి 40 రూపాయలు, కౌంట్‌కి 4. కాబట్టి 43కి 388 రూపాయలు. సరుకు 1,840 కిలోలైతే మొత్తం 7,13,920 రూపాయలు. డాక్యుమెంట్‌లో ఇలాంటి అంకెలు వేసిన ఉదాహరణ ఒకటి తప్పకుండా పెట్టండి, అదే అంకెలతో ఒక టెస్ట్ కూడా రాసి దాని పేరు పక్కన ఇవ్వండి. సూత్రాన్ని మాటల్లో ఎంత వివరించినా, అంకె చూసినప్పుడు తీరినంత అనుమానం తీరదు.

ఇక్కడ ఇంకో ప్రమాదం దాగి ఉంది. రేటు రోజూ మారుతుంది. సర్వర్ టైమ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే, మన టైమ్ దానికన్నా అయిదున్నర గంటలు ముందుంటుంది. అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారి 5:30 లోపు వేసిన కాటాకి యూటీసీ ప్రకారం ఇంకా ముందు రోజు తేదీయే. పట్టుబడులు సరిగ్గా ఆ వేళల్లోనే ఎక్కువ. కోడ్‌లో తేదీని ఎక్కడైనా యూటీసీ నుంచి నేరుగా తీసుకుంటే నిన్నటి రేటు పడుతుంది. కిలోకి 10 రూపాయల తేడా ఉన్నా పై సరుకు మీద 18,400 రూపాయలు. అది ఒక రైతు నెలల తరబడి మేత పెట్టి, ఏరేటర్లు తిప్పి, రాత్రిళ్లు కాపలా కాసి తీసిన పంట డబ్బు. అందుకే ఇలా రాయండి:

> డేటాబేస్‌లో సమయాలన్నీ యూటీసీలోనే ఉంటాయి. రేటు తేదీ తీసేటప్పుడు మాత్రం కామన్‌లోని "రేటు తేదీ" ఫంక్షన్‌నే పిలవాలి, అది భారత సమయానికి మార్చి తేదీ ఇస్తుంది. నేరుగా తేదీ తీసే కోడ్ ఎక్కడ కనిపించినా అది బగ్.

ఆ తర్వాత సేవ్, ట్రాన్సాక్షన్ కమిట్ (మార్పు డేటాబేస్‌లో ఖాయం కావడం), కమిట్ అయ్యాకే మెసేజ్ పంపే జాబ్‌ని క్యూలో పెట్టడం. కమిట్‌కి ముందే క్యూలో పెడితే వర్కర్ తొందరపడి వెతికేటప్పటికి ఆ కాటా డేటాబేస్‌లో ఇంకా ఉండదు. ఈ వరస ఒక వాక్యంలో చెప్తే చాలు.

ఇలాంటి కథలు రెండు రాయండి, మహా అయితే మూడు. రెండోదిగా డబ్బు చెల్లింపు, దాని వెబ్‌హుక్ తిరిగి రావడం తీసుకోవచ్చు. అన్ని రిక్వెస్టులకీ రాయబోతే ఏదీ పూర్తికాదు. రెండు కథలు చదివినవాళ్లు మిగతావి వాళ్లే వెంబడించగలరు.

కళ్లకి కనిపించని పనులు

కోడ్‌ని పైనుంచి కిందికి చదివితే తెలియని పనులు ప్రతి ప్రాజెక్ట్‌లోనూ కొన్ని ఉంటాయి. జాంగోలో సిగ్నల్స్ (ఒక రికార్డు సేవ్ అయినప్పుడు దానంతటదే నడిచే కోడ్), మిడిల్‌వేర్ (ప్రతి రిక్వెస్ట్ దారిలో నడిచే కోడ్), డేటాబేస్ ట్రిగ్గర్లు, సర్వర్ మీద ఎవరో పెట్టిన క్రాన్. వీటికి డాక్యుమెంట్‌లో ప్రత్యేకంగా ఒక భాగం ఉండాలి.

మన ఉదాహరణలో కాటా దిద్దినప్పుడు రైతు బాకీ మొత్తాన్ని మళ్లీ లెక్కేసే పని ఒక సిగ్నల్‌లో ఉందనుకోండి. అడ్మిన్‌లో ఒక్కో కాటా తెరిచి సేవ్ చేస్తే సిగ్నల్ నడుస్తుంది. పది కాటాల కౌంట్ ఒకేసారి దిద్దుదామని షెల్‌లో క్వెరీసెట్ అప్‌డేట్ (ఒకే కమాండ్‌తో చాలా రికార్డులు మార్చడం) వాడితే నడవదు. బల్క్ క్రియేట్ (ఒకేసారి చాలా రికార్డులు చేర్చడం) చేసినా అంతే. జాంగో అలాగే తయారైంది. ఎర్రర్ రాదు, స్క్రీన్ మీద అంతా సరిగ్గానే కనిపిస్తుంది, బాకీ మాత్రం పాత అంకె దగ్గరే ఆగిపోతుంది. "బల్క్‌గా మార్చిన ప్రతిసారీ బాకీ లెక్కించే కమాండ్‌ని చేత్తో నడపాలి" అని ఒక్క లైన్ రాసి ఉంటే మేనేజరూ రైతూ అంకెల మీద వాదించుకునే పరిస్థితి రాదు.

క్రాన్ జాబులకి చిన్న పట్టిక వేయండి: ఏం చేస్తుంది, మన టైమ్ ప్రకారం ఎప్పుడు నడుస్తుంది, నడవకపోతే ఎవరికి ఎలా తెలుస్తుంది, రెండోసారి నడిపితే నష్టముందా. చివరి ప్రశ్నకి జవాబు తెలియకపోతే కోడ్ చదివి తెలుసుకోండి. రాత్రి ఒంటిగంటకి జాబ్ మధ్యలో ఆగినప్పుడు, డ్యూటీలో ఉన్న మనిషికి కావాల్సింది ఆ జవాబే.

డేటా: ఏ టేబుల్ మాట నమ్మాలి

టేబుళ్లన్నీ వివరించక్కర్లేదు. ముఖ్యమైనవి అయిదారు తీసుకుని మూడు సంగతులు చెప్పండి. ఏది అసలు, ఏది దాని నుంచి లెక్కగట్టినది: రైతు బాకీ టేబుల్ తప్పనిపిస్తే కాటాలు, చెల్లింపుల నుంచి మళ్లీ కట్టొచ్చు, కాటాలు పోతే దేని నుంచీ కట్టలేం. యూనిట్లు: డబ్బు పైసల్లో పూర్ణసంఖ్యగా దాచారా, తూకం గ్రాముల్లోనా కిలోల్లోనా, లెక్క ఏ దశలో రౌండ్ చేస్తారు. మూడోది, పేరు చూసి పొరబడే సంబంధాలు. గుంటకి యజమాని ఒకరు, లీజుకి తీసుకుని సాగు చేసేవాళ్లు ఇంకొకరు ఉంటారు. డబ్బు వెళ్లాల్సింది సాగు చేసినవాళ్లకి. గుంట టేబుల్‌లో యజమాని కాలమ్ చూసి చెల్లింపు కోడ్ రాస్తే డబ్బు వేరేవాళ్ల ఖాతాకి పోతుంది. ఇలాంటిది ఒకటైనా మీ డేటాబేస్‌లో ఉంటుంది, వెతకండి.

బయటి సేవలు

ఒక్కో సేవకి: దేనికి వాడతాం, దాని కోడ్ ఎక్కడుంది, అది పనిచేయకపోతే మన వైపు ఏమవుతుంది, లోకల్‌లో దాని బదులు ఏం నడుస్తుంది, ఖాతా ఎవరి పేరు మీద ఉంది. పాస్‌వర్డులు, కీలు డాక్యుమెంట్‌లో ఎప్పుడూ పెట్టకండి. అవి ఎక్కడ భద్రపరిచారో, ఎవరిని అడగాలో మాత్రం చెప్పండి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పేర్లు, ఒక్కోటి దేనికో, ఒక నమూనా ఫైల్‌లో ఉంటే సరిపోతుంది.

ఎస్సెమ్మెస్ గురించి కొంచెం వివరంగా రాయండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం వ్యాపార మెసేజ్‌ల హెడర్ (పంపేవాళ్ల పేరు), టెంప్లేట్ (మెసేజ్ నమూనా) రెండూ డీఎల్‌టీ అనే నమోదు పోర్టల్‌లో ముందే నమోదై ఉండాలి. నమోదు చేసిన టెంప్లేట్‌తో సరిపోలని మెసేజ్ రైతు ఫోన్ దాకా చేరదు. అంటే, కోడ్‌లో ఉన్న మెసేజ్‌లో ఒక మాట మార్చి డిప్లాయ్ చేస్తే మన వైపు అన్నీ ఆకుపచ్చగానే కనిపిస్తాయి, మెసేజ్ మాత్రం వెళ్లదు. టెంప్లేట్ ఐడీ కోడ్‌లో ఎక్కడుందో, కొత్త టెంప్లేట్ ఆమోదం కోసం ఎవరు పెట్టాలో, ఆమోదం వచ్చాకే కోడ్ మార్చాలని స్పష్టంగా చెప్పండి.

ఎవరు ఎవరిని పిలవొచ్చు

ఫోల్డర్ల మధ్య నియమాలు ఒక పేరాలో రాసేయండి. కాటాలు రేట్లని పిలవొచ్చు, రేట్లు కాటాలని పిలవకూడదు. వ్యూల్లో (రిక్వెస్ట్ తీసుకుని జవాబిచ్చే కోడ్‌లో) లెక్కలు రాయకూడదు, అవి సర్వీసుల్లో (లెక్కలు, నియమాలు పెట్టే కోడ్‌లో) ఉండాలి. జాంగోలో సర్వీసులనే పొర పుట్టుకతో రాదు, మన టీమ్ పెట్టుకున్నది, కాబట్టి చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నియమాన్ని తప్పిన చోట్లు ఇప్పటికే ఉంటే వాటినీ పేరుపెట్టి చెప్పండి, లేదంటే కొత్తవాళ్లు వాటిని చూసే నేర్చుకుంటారు. పైథాన్‌లో ఇంపోర్ట్ లింటర్ అనే టూల్‌కి ఈ నియమాలు ఇస్తే, ఎవరైనా తప్పినప్పుడు బిల్డ్ ఆపేస్తుంది. కుదిరితే పెట్టుకోండి.

నిర్ణయాలు, వాటి కారణాలు

కోడ్ ఏం చేస్తుందో కోడ్‌లోనే ఉంటుంది. ఎందుకలా చేశామో ఎక్కడా ఉండదు. దీనికోసం మైకేల్ నైగార్డ్ 2011లో ఒక చిన్న నమూనా సూచించారు: పేరు, ప్రస్తుత స్థితి, అప్పటి పరిస్థితి, తీసుకున్న నిర్ణయం, దానివల్ల వచ్చే మంచిచెడులు. ఒక్కో నిర్ణయానికి ఒక్కో చిన్న ఫైల్, వరస నంబరుతో. మన ప్రాజెక్ట్‌లో ఒకటి ఇలా ఉండొచ్చు:

> 7. రేటు తేదీకి కాటా వేసిన సమయమే ఆధారం
> స్థితి: అమల్లో ఉంది.
> పరిస్థితి: గుంటల దగ్గర సిగ్నల్ లేక కొన్ని కాటాలు గంటల తర్వాత సర్వర్‌కి చేరుతున్నాయి. ఆలోగా తేదీ, రేటు మారిపోతున్నాయి.
> నిర్ణయం: ఫోన్‌లో నమోదైన సమయాన్నే తీసుకుంటాం, సర్వర్‌కి చేరిన సమయాన్ని కాదు.
> ఫలితం: రైతుకి కాటా రోజు రేటే వస్తుంది. ఫోన్ గడియారం తప్పుగా ఉంటే తప్పు రేటు పడొచ్చు. అందుకే రెండు సమయాల మధ్య 12 గంటలకి మించి తేడా ఉంటే మేనేజర్ చూసి ఆమోదించాలి.

నిర్ణయం మారితే పాత ఫైల్‌ని చెరపకండి. "దీని స్థానంలో ఫలానా నంబరు వచ్చింది" అని పైన రాసి వదిలేయండి. పాతవన్నీ తవ్వి తీయాలని కూర్చోకండి. అందరూ పదేపదే అడిగే మూడు నాలుగు నిర్ణయాలు రాసి, ఇక మీదట తీసుకునేవి ఎప్పటికప్పుడు చేర్చండి.

లోకల్‌లో నడపడం

ఇది రీడ్‌మీలో ఉండాలి, క్లుప్తంగా ఉండాలి. ఏం ఇన్‌స్టాల్ చేయాలి, ఏ కమాండ్లు ఏ వరసలో, నమూనా డేటా ఎలా ఎక్కించాలి, సరిగ్గా నడిచిందని ఏం చూసి తెలుసుకోవాలి. నిజమైన రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంక్ ఖాతాలు ఉన్న డేటాబేస్ కాపీని లాప్‌టాప్‌లలో పెట్టుకునే అలవాటు ఉంటే ఈ సందర్భంగా మానేయండి, కల్పిత డేటా తయారుచేసే కమాండ్ ఒకటి రాయండి.

రాసింది పనికొస్తోందా లేదా చూడండి

కోడ్ తెలిసినవాళ్లకి చూపిస్తే "బాగుంది" అంటారు, దానివల్ల ఏమీ తెలియదు. టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఉందనుకుందాం, ఆమెకి ఒక చిన్న పని ఇవ్వండి: "కాటా చీటీలో గుంట నంబరు కూడా కనిపించాలి, డాక్యుమెంట్ చూసి ఎక్కడ మార్చాలో కనిపెట్టు." పక్కనే కూర్చోండి, నోరు విప్పకండి. ఆమె ఎక్కడ ఆగింది, ఏ పేజీ రెండుసార్లు తిప్పింది, ఏది వదిలేసి నేరుగా కోడ్‌లో వెతికింది, అన్నీ రాసుకోండి. "అక్కా, ఇది ఎక్కడుంది?" అని అడిగిన ప్రతి ప్రశ్నా డాక్యుమెంట్‌లో లేని ఒక వాక్యం. జవాబు నోటితో చెప్పేసి ఊరుకోకుండా, ఆ వాక్యాన్ని ఆమెతోనే రాయించి పుల్ రిక్వెస్ట్ పెట్టించండి. ప్రాజెక్ట్‌లో ఆమె మొదటి కమిట్ అదే అయితే ఇంకా మంచిది.

పాతబడకుండా చూసుకోవడం

లైన్ నంబర్లు రాయకండి, రేపే మారిపోతాయి. ఫైల్, క్లాస్, ఫంక్షన్ పేర్లు రాయండి, అవి మారినా వెతికితే దొరుకుతాయి. పుల్ రిక్వెస్ట్ టెంప్లేట్‌లో "ఫోల్డర్ల అమరిక, క్రాన్, బయటి సేవలు, రేటు లెక్క, వీటిలో ఏదైనా మారిందా? మారితే డాక్యుమెంట్ దిద్దారా?" అని ఒక ప్రశ్న చేర్చండి. ఏ మార్పుకి ఈ డాక్యుమెంట్ ముట్టుకోవాలో అక్కడే తెలిసిపోతుంది కాబట్టి ప్రతి చిన్న కమిట్‌కీ ఈ బాధ ఉండదు.

మూడు నెలలకోసారి ఒకరు మొత్తం చదవాలి, ప్రతిసారీ వేరే మనిషి. తప్పైపోయిన పేరాని దిద్దే తీరిక లేకపోతే తీసేయండి. తప్పు దారి చూపించే పేరా కన్నా ఖాళీ నయం, ఖాళీ ఉంటే మనిషి కోడ్ చదువుతాడు.

ఇప్పటికే అక్కడక్కడా ఉన్న గూగుల్ డాక్‌లు, వాట్సాప్‌లో పంపుకున్న పీడీఎఫ్‌లు, ల్యాప్‌టాప్‌లలో మిగిలిన నోట్సు అన్నీ ఒకసారి ముందేసుకోండి. ఇప్పటికీ నిజమైనవి రెపోలోకి తెచ్చుకోండి. మిగిలిన డాక్‌ల మొదటి లైన్‌లోనే "ఇది పాతది, కొత్తది రెపోలో ఉంది" అని రాసి, లింక్ ఇచ్చి, ఎడిట్ చేసే అనుమతి తీసేయండి.